శుక్రుడి గాలి, మా చర్చి వెనక కిటికీ

ఈ జనవరి నాటికి మా తమ్ముడు చర్చికి రావడం మానుకుని ఎనిమిదేళ్ళు దాటింది. ఆ మధ్య ఒకే ఒక్కసారి వచ్చి, ఆరాధన ముగియకముందే వెళ్ళిపోయాడు.

బళ్ళారిలో మాది పాత మిషను సంఘం. మా తాత ఆ బల్లల మీదే కూర్చున్నాడు. మా నాన్న ఆ బల్లలకే వార్నిషు వేయించాడు. తమ్ముడు మీసం రాకముందు నుంచే గాయక బృందానికి హార్మోనియం వాయించేవాడు. బైపాసు రోడ్డు మీద వాడికి లారీల బ్రేకులు బాగుచేసే షెడ్డు ఉంది. వారమంతా గ్రీజులో మునిగిన చేతులను ఆదివారం పొద్దున కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి కడుక్కుని వచ్చి, ఆ చేతులతోనే హార్మోనియం మెట్లను ఎంత మెత్తగా తాకేవాడో చూసినవాళ్ళం ఇంకా చాలామందిమి ఉన్నాం.

సంఘ కమిటీ ఒక కీబోర్డు కొన్నది. తాళం కూడా దానంతట అదే వేసుకునే రకం. ఒక ఆదివారం కీర్తన నడుస్తుండగా కీబోర్డు తాళం ఒక వేగంతోనూ, హార్మోనియం మరొక వేగంతోనూ సాగాయి. తమ్ముడు తిత్తి మూసి, గొళ్ళెం పెట్టి, పక్క తలుపు గుండా బయటికి నడిచాడు. కీర్తన ఆగలేదు. వాడు నొచ్చుకున్నది కీబోర్డు వచ్చినందుకు కాదు, తాను లేచి వెళ్ళినా కీర్తన ఆగనందుకు. ఈ సంగతి మా మరదలు, అంటే వాడి భార్య, చాలా కాలం తర్వాత నాకు చెప్పింది. ఆమె మాత్రం ప్రతి ఆదివారం నాతోపాటు చర్చికి వస్తూనే ఉంది.

"ఈయన ఇంట్లో టీవీలో ఆరాధన చూస్తాండాడు వదినా," అంది ఒకసారి. "సౌండు బందు చేసి."

వాడు మధ్యలో వచ్చిన ఆ ఒక్కసారి రెండేళ్ళ కిందటి క్రిస్మసు. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. చాలా కాలానికి తిరిగి వచ్చిన మనిషిని పెద్దలు మైకులో పేరు పెట్టి పిలుస్తారు. ఆ మనిషి లేచి, ముందుకు వెళ్ళి, సాక్ష్యం చెప్పాలి; అందరూ చప్పట్లు కొట్టాలి; తర్వాత వరసగా వచ్చి చేయి కలపాలి. గల్ఫు నుంచి వచ్చినవారికైనా, ఆస్పత్రి నుంచి లేచి వచ్చినవారికైనా ఇదే మర్యాద. దానిలో కీడు తలచేవారెవరూ లేరు. ఆ క్రిస్మసు రోజు మా సంఘ పెద్ద, తెల్ల మీసాల పెద్దమనిషి, కౌల్ బజార్‌లో జీన్సు ప్యాంట్ల దుకాణం ఉన్నాయన, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ మా తమ్ముడి పేరు పిలిచాడు. మొత్తం సంఘం వెనక్కి తిరిగింది. తమ్ముడు నిలబడ్డాడు. మెడ ఎర్రబడడం నాకు పక్కనుంచి కనిపించింది. రెండు చేతులూ జోడించి ఒక్క నమస్కారం పెట్టి, నిలబడినవాడు నిలబడినట్టే బయటికి వెళ్ళిపోయాడు.

నేను గణితం చెప్పే ఉపాధ్యాయినిని, గాంధీనగర్‌లో ఉంటాను. రోజూ డైరీ రాస్తాను. తేదీ, ఆనాటి ఎండ, చేసిన పని, మిగిలిన లెక్క, అంతే. భావాలు రాసే అలవాటు లేదు. ఆ క్రిస్మసు పుటలో "తమ్ముడు వచ్చాడు, వెళ్ళాడు" అని మాత్రమే ఉంది.

ఈ ఏడాది జనవరిలో మేనకోడలు, తమ్ముడి కూతురు, బెంగళూరు నుంచి ఫోను చేసింది. గ్రహాల దగ్గరికి వెళ్ళే నౌకల దారులు లెక్కగట్టే బృందంలో ఆమె ఉద్యోగం. ఫిబ్రవరి మొదటి ఆదివారం, ఆరాధన తర్వాత, తన పని గురించి మాట్లాడమని మా సంఘ యువజనులు ఆమెను పిలిచారట.

"తెలుగులో చెప్పల్ల అత్తా. నాకు ఆఫీసులో ఒక్క మాట కూడా తెలుగులో రాదు. నువ్వు కూర్చోపెట్టి నేర్పించు."

"నేర్పిస్తాను. ముందు నాకు అర్థం కావాలి కదా."

"ఇంకోటి," అంది. "నాయన వస్తాడా?"

వాడి సంగతి తర్వాత చూద్దామని, ముందు ఆమె మాట్లాడబోయే విషయమేమిటో చెప్పమన్నాను.

ఆ తర్వాత మూడు వారాలు, ప్రతి సాయంత్రం, ఆమె ఫోనులో చెప్పడం, నేను పెన్సిలుతో రాసుకుని తెలుగు మాటలు వెతకడం. సంగతి ఇది. ఒక గ్రహం దగ్గరికి చేరిన నౌక చాలా వేగంగా ఉంటుంది. వేగం తగ్గించకపోతే గ్రహం దాన్ని పట్టుకోలేదు, పక్కనుంచి దూసుకుపోతుంది. ఇంజను మండించి తగ్గించవచ్చు. కానీ దానికి ఇంధనం కావాలి, ఇంధనమంటే బరువు, ఆ బరువును భూమి మీది నుంచి మోసుకుపోవాలి. అందుచేత గ్రహానికి చిక్కడానికి చాలినంత మాత్రమే ఇంజను మండిస్తారు. అప్పుడు నౌక కోడిగుడ్డులా బాగా సాగిన దారిలో తిరుగుతుంది. ఒక కొస గ్రహానికి దగ్గరగా, రెండో కొస ఎక్కడో దూరంగా. ఆ దగ్గరి కొసను గ్రహపు గాలి పై అంచుకు తగిలేంత వరకు దించుతారు. నౌక వచ్చిన ప్రతిసారీ ఆ పలుచటి గాలిని కొన్ని నిమిషాలు రాసుకుని పోతుంది. ఎండతో కరెంటు తీసే సౌరఫలకాలే రెక్కల్లా గాలికి అడ్డుగా నిలుస్తాయి. ప్రతి చుట్టుకూ కొంచెం వేగం తగ్గుతుంది. కొన్ని వందల చుట్లకు ఆ సాగిన దారి కురచబడి, దాదాపు గుండ్రని కక్ష్య అవుతుంది. అంగారకుడి దగ్గర ఒక నౌక ఇలా నెమ్మదించడానికి దాదాపు ఏడాది పట్టింది. మన దేశం శుక్రుడి దగ్గరికి పంపాలనుకుంటున్న నౌకకు కూడా ఈ పద్ధతే ఆలోచనలో ఉంది.

నాకు నచ్చలేదు. ఇన్ని వందల చుట్లు అనవసరమనిపించింది.

"ఇంకొంచెం కిందికి దింపండి. గాలి చిక్కగా ఉంటుంది. పది చుట్లలో అయిపోతుంది."

"నువ్వే లెక్క చేసి చూడు అత్తా," అంది, నవ్వు ఆపుకుంటూ.

చేశాను. ఆ ఎత్తులో కొద్ది కిలోమీటర్లు కిందికి పోతే చాలు, గాలి చిక్కదనం రెట్టింపవుతుంది. చిక్కదనం రెట్టింపైతే తగిలే వేడీ రెట్టింపే. ఇంకో రెట్టింపు, ఇంకోటి, ఇంకోటి. నాలుగు రెట్టింపులకు పదహారు. ఫలకాలు తట్టుకోగల వేడికి హద్దు ఉంది. పదహారు దగ్గర పెన్సిలు ఆపాను. ఒక్క దెబ్బకు ఆపాలనుకుంటే, ఆపడానికి మిగిలేదేమీ ఉండదు. ఆ లెక్క పక్కన, నా అలవాటుకు విరుద్ధంగా, "క్రిస్మసు" అని రాశాను.

శనివారం మేనకోడలు వచ్చింది. సంచీ మా ఇంట్లో పెట్టి, నన్ను వెంటబెట్టుకుని నేరుగా షెడ్డుకు నడిచింది. మొదట తండ్రికి చెప్పి చూపించాలని ఆమె పట్టు. షెడ్డులో నేల మీద ఒక లారీ బ్రేకు డ్రమ్మును బోర్లించి, దాని చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో తాడు పరిచింది. తమ్ముడు స్టూలు మీద కూర్చుని, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చూశాడు.

"ఏంది పాపా, నా డ్రమ్మును ఏం చేసినావు?"

"శుక్రుడు, నాయనా."

"అది సిరుగుప్ప వడ్ల లారీది. ఆయప్ప సాయంత్రం వస్తాడు. నీ డ్రమ్ము శుక్రుడైపోయింది, పో అని చెప్పల్లనా?"

"సాయంత్రానికి మళ్ళా డ్రమ్మయితాది, ఉండు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నేను నేర్పిన మాటలు సగం వాడింది, సగం మరిచింది. దగ్గరి కొస దాకా వచ్చి, ఇక్కడ వేగం కొంచెం తగ్గితే దూరపు కొస దగ్గరికి జరుగుతుందని తాడును అటువైపు నుంచి లోపలికి లాగింది. తమ్ముడు చేయెత్తాడు.

"సాకు, చాలు, ఆగు. బ్రేకు ఈడ తొక్కినారు. అవునా? బండి ఈడనే నెమ్మదించల్ల. నువ్వేమో ఈడ తొక్కితే యాడనో అవతల తగ్గుతాది అంటాండావు. అట్లాంటి బ్రేకు నేను లారీకి కడితే నన్ను తీసుకపోయి లోపలేస్తారు."

"ఇది రోడ్డు కాదు నాయనా." ఆమె గుడ్డపీలికల ఉండను చేతిలోకి తీసుకుని పైకి విసిరింది. ఉండ రేకు కప్పును తాకి దిగింది. రెండోసారి మెల్లగా విసిరింది. సగానికి పోయి దిగింది. "చేతి దగ్గర వేగం తగ్గించినా. తగ్గింది యాడ కనబడింది?"

తమ్ముడు పైకి చూశాడు. "పైన," అన్నాడు, ఒప్పుకోక తప్పని గొంతుతో.

"ఇదీ అంతే. ఈ పక్క చేసింది ఆ పక్క తెలుస్తాది."

వాడు తాడు దగ్గరికి వంగి చూశాడు. ఫలకాల వేడి గురించి అడిగాడు. అది వాడి విద్య కనుక ఆ ఒక్కటీ వెంటనే పట్టుబడింది. కొండ ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అట్లనే పెట్టి ఉంచి డ్రమ్ములు మాడ్చుకునే డ్రైవర్ల వల్లనే తనకు అన్నం దొరుకుతోందని నవ్వాడు. ఆ తర్వాత అడిగాడు.

"గాలిలో ఎంతసేపుంటాది?"

"కొన్ని నిమిషాలు. మిగతా అంతా బయటే. చల్లారి మళ్ళా వస్తాది."

తమ్ముడు గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"అక్కా. ఇది నౌక కథనా, నా కథనా?"

"దాని ఉద్యోగమే అది," అన్నాను.

"దాని మొగం చూస్తే ఉద్యోగం మాదిరే ఉండాది. నీ మొగం చూస్తే లేదు." లేచాడు. "పాపా, నువ్వు బాగా చెప్పినావు. నేను విన్నా గదా, ఇంక సరి. రేపు నేను రాను. వస్తే మళ్ళా నిలబెడతారు."

మేనకోడలు తాడు చుట్టుకుంది. ఆమెకు కావలసింది తండ్రి వినడం కాదు, అక్కడికి వచ్చి వినడం. ఆమె బాప్తిస్మం, మొదటి పాట, తల్లిదండ్రుల పెళ్ళి, అన్నీ ఆ గోడల మధ్య జరిగినవే. ఆ గోడల మధ్య తాను మొదటిసారి మాట్లాడేటప్పుడు తండ్రి లేకుండా ఎలాగన్నది ఆమె బాధ.

ఆ సాయంత్రమే ఆటోల మధ్య దారి చేసుకుంటూ కౌల్ బజార్‌కు వెళ్ళాను. సంఘ పెద్ద దుకాణంలో ప్యాంట్లు మడత పెడుతున్నాడు.

"ఏమ్మా టీచరమ్మా, నీ లెక్క తప్పిందా, నా దగ్గరికి వచ్చినావు?"

"రేపు మా తమ్ముడు వస్తాడో రాడో తెలియదు. వస్తే మాత్రం మైకులో పిలవకండి. చూసినా చూడనట్టు ఉండండి."

ఆయన చేతిలోని ప్యాంటు పక్కన పెట్టాడు. "వచ్చిన మనిషిని చూడనట్టుండేది ఏ మర్యాదమ్మా? మా అప్ప, తాతల కాలం నుంచి మనం ఎవుర్నీ పలకరించకుండా పంపింది లేదు. నీ తమ్ముని పాట లేక నాకు ఎన్ని ఆదివారాలు చప్పగా పోయినాయో నీకు తెల్సునా?"

"తెలుసు. అందుకే అడుగుతున్నాను. మనం ఒక్కసారే మొత్తం ఇచ్చేస్తే వాడు తట్టుకోలేడు. వాడు కొంచెం తాకి వెళ్ళిపోతాడు. వెళ్ళనివ్వండి. మళ్ళీ వస్తాడు."

"మళ్ళీ రాకుంటే?"

మేనకోడలు రేపు చెప్పబోయే సంగతి రెండు ముక్కల్లో వివరించి, అంగారకుడి దగ్గరికి పోయిన ఒక పాత నౌక గురించి చెప్పాను. గాలిని తాకడం మొదలుపెట్టగానే దాని ఫలకం ఒకటి కీలు దగ్గర బలహీనపడి ఉన్నట్టు తెలిసింది. అనుకున్న లోతుకు దింపితే విరిగిపోతుంది. అందుకని కొంతకాలం గాలిలోంచి పైకి తీసి ఆపారు. తర్వాత ముందుకన్నా పైపైన తాకించారు. కొన్ని నెలల పని ఏడాదిన్నర దాకా సాగింది. కానీ చేరింది, చేరి ఏళ్ళ తరబడి పనిచేసింది.

పెద్దాయన మీసం నిమురుకున్నాడు. "నేను మాట ఇయ్యలేనమ్మా. మైకు చేతికి వస్తే నా నోరు నా మాట వినదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాండా."

ఆదివారం ఆరాధన ముగిసింది. జనం కదలలేదు. మేనకోడలు వేదిక మెట్టు మీద నిలబడింది. డ్రమ్ముకు బదులు చర్చి వంటగది నుంచి పెద్ద గిన్నె తెచ్చి బోర్లించాం. మొదటి వాక్యాల్లో మాటలు తడబడ్డాయి. ఆమె కళ్ళు పదే పదే పక్క తలుపు వైపు పోవడం నేను గమనించాను. అక్కడ ఎవరూ లేరు.

మా చర్చి వెనక గోడకు రోడ్డువైపు ఒక కిటికీ ఉంది. ఇనుప ఖనిజం లారీల ఎర్ర దుమ్ము బల్లల మీద పడుతుందని దాన్ని ఎప్పుడూ మూసే ఉంచుతారు. నేను ఒకసారి వెనక్కి తిరిగేసరికి, గాజు మీద పేరుకున్న దుమ్ములోంచి ఒక మనిషి ఆకారం కనిపించింది. మోటారు సైకిలు దిగి, దాని సీటుకు ఆనుకుని, కిటికీకి చెవి ఒగ్గినట్టు నిలబడి ఉన్నాడు. మరదలు నా మోచేయి పట్టుకుంది.

అదే క్షణంలో సంఘ పెద్ద కూడా వెనక్కి తిరిగి చూశాడు. ముందు వరసలోంచి లేచాడు. రెండో మైకు చేతిలోకి తీసుకున్నాడు. మేనకోడలు మాట ఆపింది. ఆయన నోరు తెరిచాడు, కిటికీ వైపు చూశాడు, నా వైపు ఒకసారి చూశాడు.

"ఆ వెనక కిటికీ తియ్యండప్పా ఎవురైనా," అన్నాడు చివరికి. "లోపల గాలి ఆడల్యా."

"దుమ్ము పడతాది పెద్దాయనా," అన్నారెవరో.

"పడనీ. తుడుచుకుందాం. నువ్వు చెప్పమ్మా పాపా, కొంచెం గట్టిగా చెప్పు."

మైకు పెట్టేసి కూర్చున్నాడు. ఎవరో వెళ్ళి కిటికీ రెక్కలు తోశారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. తిరగబోయిన ఒకరిద్దరిని పక్కవాళ్ళు తొడ మీద గిల్లారని తర్వాత తెలిసింది. మేనకోడలు గట్టిగా, తడబడకుండా, గిన్నె చుట్టూ తాడును కురచ చేస్తూ చెప్పింది. నేను నేర్పిన మాటలన్నీ గుర్తున్నాయి. ఆఖరి భాగం మొదలుపెట్టేసరికి బయట మోటారు సైకిలు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆమె ముఖంలో ఒక నీడ కదిలి పోయింది. చెప్పడం మాత్రం ఆపలేదు.

ఆ రాత్రి ఆమె బెంగళూరు బస్సెక్కింది. తమ్ముడు బస్సు దాకా వచ్చి సంచీ అందించాడు, నీళ్ళ సీసా ఇచ్చాడు, చర్చి మాట ఎత్తలేదు. సోమవారం ఎత్తలేదు. మంగళవారం నేను షెడ్డు మీదుగా పోయినప్పుడు ఎండల గురించి మాట్లాడాడు.

బుధవారం వాడే కూతురికి ఫోను చేశాడట. "పాపా, ఆఖర్లో ఏమైతాదో వినకుండా వచ్చేసినా. గాలి తగిలి తగిలి దారి గుండ్రమైంది, సరి. ఇంక గాలి అట్లనే లాగుతానే ఉంటే పడిపోదా?"

"పడిపోతాది నాయనా. అందుకే ఆఖర్లో దూరపు కొస కాడ ఇంజను కొంచెం మండించి, దగ్గరి కొసను గాలి పైకి ఎత్తుతారు. ఇంక గాలి తగలదు. తిరుగుతానే ఉంటాది."

"అంటే అది దిగేదానికి పోలేదు."

"లేదు. తిరిగేదానికే పోయింది."

ఈ సంభాషణ ఆమె నాకు పొల్లుపోకుండా చెప్పింది. ఈ పక్క చేసింది ఆ పక్క తెలుస్తుందని షెడ్డులో ఆమె అన్న మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఆదివారం కిటికీ దగ్గర ఏం తగ్గిందో నాకు కనిపించలేదు. బుధవారం ఫోనులో కనిపించింది.

తర్వాతి ఆదివారాలు కిటికీ బయటే నిలబడ్డాడు. మార్చిలో ఒకనాడు మెట్ల దాకా వచ్చాడు. మరో ఆదివారం తలుపు పక్క చివరి బల్ల మీద, అంచున, ఒక కాలు నడవలో పెట్టి కూర్చున్నాడు. ఆశీర్వచనానికి ముందే లేచి వెళ్ళిపోయాడు. ఆ వారం గాయక బృందంలో ఒకావిడ ఆనందం పట్టలేక వాడి వెంట గేటు దాకా పోయి, "బ్రదర్, ఈస్టరుకు హార్మోనియం మీరే," అని చేయి పట్టుకుంది. అంతే, మూడు ఆదివారాలు మనిషి కనిపించలేదు. నేను కంగారుపడి మేనకోడలికి ఫోను చేశాను.

"గాలి అన్ని దినాలూ ఒకే మాదిరి ఉండదు అత్తా," అంది. "ఒక చుట్టులో అనుకున్నదానికన్నా చిక్కగా తగులుతాది. అప్పుడు దాన్ని కొంచెం పైకి ఎత్తి, చల్లారనిస్తాం. పని చెడిపోయిందని కాదు."

ఈస్టరుకు వాడు రాలేదు. ఆ మరుసటి ఆదివారం కిటికీ బయట మోటారు సైకిలు నిలబడింది. సంఘ పెద్ద వెనక్కి తిరగలేదు, కానీ కానుక పట్టే యువకుడిని పిలిచి ఏదో చెవిలో చెప్పాడు. ఆ అబ్బాయి కానుకల సంచీని కిటికీ దాకా తీసుకువెళ్ళి, ముఖం పక్కకు తిప్పుకుని, రెక్కల మధ్య చేయి చాపాడు. బయటినుంచి ఒక చేయి వచ్చి కానుక వేసింది. మరదలు ఆ పూట కీర్తన పాడలేకపోయింది.

హార్మోనియం సంగతి నేనొక్కసారే అడిగాను, జూన్‌లో, షెడ్డులో. వాడు తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"దాన్ని అడగొద్దక్కా. నేను దిగేదానికి వస్తా లేను. తిరిగేదానికి వస్తాండా."

అప్పటిదాకా నేను కోరుకున్నది దిగడం. వాడు ముందు వరసలో, తిత్తి తెరిచి, పాతరోజుల్లో కూర్చున్నట్టు కూర్చోవడం. ఆ కోరికను ఆ రోజు పక్కన పెట్టాను. పెద్ద కష్టం కాలేదు.

పోయిన గురువారం బడికి సెలవు కావడంతో పూలు సర్దడానికి చర్చికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. వెనక కిటికీ దగ్గర తమ్ముడు, నోట్లో రెండు మేకులు, చేతిలో సుత్తి.

"గాలికి ఈ రెక్క కొట్టుకుంటాంది," అన్నాడు మేకులు తీసి. "కీర్తన మధ్యలో తాళం తప్పిస్తాంది."

రెక్కను పూర్తిగా తెరిచి, అది వెనక్కి పడకుండా గోడకు ఒక కొక్కెం బిగించాడు. రెండుసార్లు లాగి చూశాడు. కొక్కెం నిలిచింది. తర్వాత ఆ చివరి బల్లను కిటికీకి దగ్గరగా ఒక మూర జరిపి, దాని మీది ఎర్ర దుమ్మును తన గుడ్డతో తుడిచి, సుత్తి సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు.